ఇసకేస్తే రాలనంత జనం: ఆన్‌ఫీల్డ్ స్టేడియం చెప్పే పాఠం

పేరున్న ఫుట్‌బాల్ స్టేడియం చూడ్డానికి వెళ్లినవాళ్లు మామూలుగా మూడు పనులు చేస్తారు. డ్రెస్సింగ్ రూమ్‌లో తమ ఫేవరెట్ ప్లేయర్ జెర్సీ కింద కూర్చుని ఒక ఫోటో, గెలిచిన కప్పుల ముందు నిలబడి ఇంకో ఫోటో, బయటికొచ్చేటప్పుడు షాపులో ఒక స్కార్ఫ్. ఇందులో తప్పేమీ లేదు, నేనూ ఆ మూడూ చేశాను. కానీ స్టేడియంలో ఫోటోకి అందని విషయాలు చాలా ఉంటాయి. లోపలికెళ్లే గేటు ఒక్క మనిషి పట్టేంత ఇరుకుగా ఎందుకు ఉంటుంది? సీట్ల ముందు ఇనప రెయిలింగ్ ఎందుకుంది? గ్రౌండ్‌కీ ప్రేక్షకులకీ మధ్య కంచె ఎందుకు లేదు? ఇలాంటి ప్రశ్నలు వేసుకుంటూ నడిస్తే టూర్ కాస్తా క్లాసు అయిపోతుంది.

ఈ వ్యాసంలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల స్టేడియం ఆన్‌ఫీల్డ్‌ని అలా చూద్దాం. పోయిన వేసవి సెలవుల్లో మాంచెస్టర్‌లో ఉండే మా బాబాయితో కలిసి నేను అక్కడికి వెళ్లాను. అక్కడ చూసినవీ, తిరిగొచ్చాక చదివినవీ కలిపి రాస్తున్నాను. ఫుట్‌బాల్ అస్సలు తెలియకపోయినా ఫర్వాలేదు. ఇది గోల్స్ గురించి రాసింది కాదు, జనం గురించి రాసింది. చివర్లో మన తెలుగులో రోజూ వాడే రెండు మాటల దగ్గరికి వస్తాం.

1. ముందు గ్రౌండ్, తర్వాత క్లబ్

ముందు టీమ్ పుడుతుంది, తర్వాత దానికి స్టేడియం కడతారు అనుకుంటాం. ఆన్‌ఫీల్డ్ కథ తిరగబడి ఉంటుంది. 1884లో ఇక్కడ మొదట ఆడింది లివర్‌పూల్ కాదు, వాళ్ల ప్రత్యర్థి ఎవర్టన్! జాన్ హౌల్డింగ్ అనే బీరు వ్యాపారి ఆ గ్రౌండ్ వ్యవహారాలు చూసేవాడు. అద్దె దగ్గర, గ్రౌండ్ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర ఆయనకీ క్లబ్బులోని మిగతావాళ్లకీ గొడవ వచ్చింది. 1892లో ఎవర్టన్ వాళ్లు సామాను సర్దుకుని, స్టాన్లీ పార్క్‌కి అవతలివైపు గుడిసన్ పార్క్‌కి వెళ్లిపోయారు. హౌల్డింగ్ చేతిలో ఖాళీ గ్రౌండ్ మిగిలింది. ఖాళీగా ఎందుకు ఉంచాలని ఆయన ఒక కొత్త క్లబ్ పెట్టాడు. అదే లివర్‌పూల్ ఎఫ్‌సీ.

అంటే ప్రపంచంలో ఇంతమంది అభిమానులున్న ఈ క్లబ్, ఒక అద్దె గొడవలోంచి పుట్టిందన్నమాట. రెండు స్టేడియంల మధ్య దూరం ఒక పార్కే. ఎవర్టన్ మగవాళ్ల జట్టు 2025లో రేవు దగ్గర కట్టిన కొత్త స్టేడియంకి మారింది, గుడిసన్ పార్క్ ఇప్పుడు వాళ్ల మహిళల జట్టుకి సొంత గ్రౌండ్. మీరు వెళ్తే ఆ పార్కులోంచి ఒకసారి నడవండి. ఆ దారి గురించి తర్వాత మళ్లీ చెప్తాను.

2. కోప్: ఒక కొండ పేరు

ఆన్‌ఫీల్డ్‌లో నాలుగు వైపులా నాలుగు స్టాండ్లు ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసింది ఒక గోల్‌పోస్ట్ వెనకాల ఉండే కోప్. ఎర్ర స్కార్ఫ్‌లు పైకెత్తి వేలమంది ఒకే గొంతుతో పాడే వీడియోలు చూసుంటారు కదా, అది ఇక్కడే. వాళ్లు పాడేది 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' అనే పాట. నిజానికి అది 1945 నాటి 'కరౌసెల్' అనే అమెరికన్ మ్యూజికల్‌లోది. 1963లో లివర్‌పూల్‌కే చెందిన గెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ బ్యాండ్ దాన్ని మళ్లీ పాడాక స్టేడియం పాట అయిపోయింది.

కోప్ అన్న పేరు మాత్రం దక్షిణాఫ్రికాది. 1900 జనవరిలో నేటాల్‌లో స్పియాన్ కోప్ అనే కొండ మీద బ్రిటిష్ సైన్యానికీ బోయర్లకీ యుద్ధం జరిగింది. కొండ పైన ఇరుకైన చోట బ్రిటిష్ సైనికులు గుంపుగా చిక్కుకుపోయారు. దాక్కోవడానికి సరైన కందకం కూడా లేదు. వందలమంది చనిపోయారు. వాళ్లలో చాలామంది లివర్‌పూల్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు దళాలవాళ్లు. 1906లో ఆన్‌ఫీల్డ్‌లో గోల్ వెనకాల మట్టితో ఎత్తుగా కొత్త గట్టు కట్టినప్పుడు, ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ అనే స్థానిక పత్రికా సంపాదకుడు దానికి ఆ కొండ పేరు పెట్టమన్నాడు.

ఇక్కడ మనకి తెలిసిన మనిషి ఒకరు కనిపిస్తారు. ఆ యుద్ధంలో గాయపడినవాళ్లని స్ట్రెచర్ల మీద మోసిన ఇండియన్ అంబులెన్స్ కోర్‌ని పెట్టింది గాంధీ. అప్పటికి ఆయన నేటాల్‌లో లాయరు. ఆ దళంలో దాదాపు 1,100 మంది ఉండేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఒప్పందం మీద అక్కడికి వెళ్లిన కూలీలు. నేటాల్ చెరకు తోటలకి అలా వెళ్లినవాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఓడ ఎక్కిన తమిళులూ తెలుగువాళ్లూ చాలామంది. స్పియాన్ కోప్ దగ్గర కూడా ఈ దళం పనిచేసింది. కాబట్టి కోప్ అన్న మాట విన్నప్పుడు మనకి ఏ సంబంధమూ లేదు అనుకోనక్కర్లేదు.

ఈ కోప్‌లో ఒకప్పుడు సీట్లు లేవు. మెట్లలాంటి గట్ల మీద అందరూ నిలబడే చూసేవాళ్లు. 25 వేలకు పైగా జనం పట్టేవాళ్లు. ఇప్పుడు అదే చోట సుమారు 12,400 సీట్లు ఉన్నాయి. సగానికి సగం తగ్గింది. ఎందుకు తగ్గింది అన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

3. టన్నెల్ నుంచి బయటికి

టూర్‌లో అందరూ ఆగే చోటు ప్లేయర్లు గ్రౌండ్‌లోకి వెళ్లే టన్నెల్. అక్కడ తల పైన 'దిస్ ఈజ్ ఆన్‌ఫీల్డ్' అని ఒక బోర్డు ఉంటుంది. 1959 నుంచి 1974 వరకు మేనేజర్‌గా ఉన్న బిల్ షాంక్లీ కాలంలో పెట్టించింది. వచ్చిన ప్రత్యర్థికి కాస్త గుండె జారాలని. షాంక్లీ 1981లో చనిపోతే ఆయన అస్థికలు కోప్ వైపు గ్రౌండ్‌లోనే చల్లారు. మన దగ్గర గోదావరిలో కలపమని అడిగినట్టు అన్నమాట.

బయటికొస్తే ఆయన పేరు మీద షాంక్లీ గేట్లు ఉన్నాయి, పైన ఆ పాట పేరు ఇనప అక్షరాల్లో ఉంటుంది. కోప్ దగ్గర ఆయన విగ్రహం ఉంది. చాలామంది ఇక్కడితో ఫోన్ జేబులో పెట్టేసి షాపు వైపు వెళ్లిపోతారు. మీరు మాత్రం మెయిన్ స్టాండ్ పక్కకి నడవండి.

4. తొంభై ఏడు పేర్లు

అక్కడ ఒక స్మారకం ఉంది. దాని మీద 97 పేర్లు, పక్కన ఆరిపోని ఒక దీపం. ఎప్పుడు వెళ్లినా పూలు, స్కార్ఫ్‌లు ఉంటాయి. చుట్టూ సెల్ఫీలు తీసుకుంటున్నవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

1989 ఏప్రిల్ 15. ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ మధ్య. సెమీఫైనల్ కాబట్టి ఇద్దరిదీ కాని గ్రౌండ్‌లో పెట్టారు, అది షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం. మ్యాచ్ మధ్యాహ్నం 3 గంటలకి. లివర్‌పూల్ అభిమానులకి ఇచ్చింది లెపింగ్స్ లేన్ వైపు. గోల్ వెనకాల నిలబడి చూసే ఆ చోటుని నిలువు కంచెలతో గదులు గదులుగా విడగొట్టారు. వాటిని పెన్‌లు అనేవాళ్లు. పశువుల దొడ్డికి కూడా ఇంగ్లీషులో అదే మాట. ముందువైపు గ్రౌండ్‌లోకి ఎవరూ దూకకుండా ఎత్తయిన ఇనప కంచె.

బయట టర్న్‌స్టైల్స్ దగ్గర జనం పేరుకుపోయారు. అక్కడే ఎవరైనా నలిగి చనిపోతారేమో అన్నంత ఒత్తిడి వచ్చింది. 2:52కి పోలీసులు పక్కనున్న ఒక పెద్ద గేటు తెరిపించారు. దాదాపు 2 వేలమంది ఒక్కసారిగా లోపలికొచ్చారు. వాళ్లకి ఎదురుగా కనిపించింది ఒకే దారి, పల్లంగా దిగే ఒక టన్నెల్. అది నేరుగా మధ్యలోని రెండు పెన్‌లలోకి తీసుకెళ్తుంది. అవి అప్పటికే నిండిపోయాయి. పక్క పెన్‌లలో చోటుంది, కానీ అటు వెళ్లమని చెప్పే మనిషి లేడు, ఆ టన్నెల్‌ని మూసినవాళ్లూ లేరు. మధ్య పెన్‌లలో చేరినవాళ్లు సురక్షితంగా పట్టే సంఖ్యకి దాదాపు రెట్టింపు. వెనకవాళ్లకి ముందేం జరుగుతోందో కనపడదు. ముందువాళ్లకి కంచె దాటి వెళ్లే వీలు లేదు. 3:06కి మ్యాచ్ ఆపేశారు.

ఆ రోజే 94 మంది చనిపోయారు. కొన్ని రోజులకి 95వ మనిషి, 1993లో 96వ మనిషి. ఆ రోజు తగిలిన గాయాల వల్లే 2021లో 97వ మనిషి. 32 ఏళ్ల తర్వాత! అందరిలో చిన్నవాడికి పదేళ్లు. ఆ పిల్లాడు, తర్వాత లివర్‌పూల్ కెప్టెన్ అయిన స్టీవెన్ జెరార్డ్‌కి వరసకి అన్న.

తర్వాతి రోజుల్లో ఆన్‌ఫీల్డ్ గేట్లు జనం కోసం తెరిచారు. గ్రౌండ్‌లో సగం దాకా పూలతో నిండిపోయింది. స్టాన్లీ పార్క్‌లోంచి నడవమన్నాను కదా. ఆ పార్కు మీదుగా గుడిసన్ నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా ఎవర్టన్ నీలం స్కార్ఫ్‌లూ లివర్‌పూల్ ఎర్ర స్కార్ఫ్‌లూ ఒకదానికొకటి ముడివేసి ఒక మైలు పొడవు దండలాగా కట్టారు. అద్దె గొడవతో విడిపోయిన రెండు క్లబ్బులు అవి.

5. లెక్క వేసి చూద్దాం

మన బ్రాంచి వాళ్లకి ఇది బాగా అర్థమయ్యే లెక్క. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు 10,100. వాళ్లందరికీ ఇచ్చిన టర్న్‌స్టైల్స్ 7. బ్రిటన్‌లో స్టేడియంల భద్రత కోసం గ్రీన్ గైడ్ అని ఒక పుస్తకం ఉంది. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది చనిపోయిన తర్వాత, 1973లో మొదటిసారి వచ్చింది. ఇప్పుడు దాని ప్రకారం ఒక టర్న్‌స్టైల్ గుండా గంటకి 660 మందికి మించి వెళ్తారని లెక్క వేయకూడదు.

7 × 660 = 4,620. అంటే గంటకి 4,620 మంది. 10,100ని 4,620తో భాగిస్తే దాదాపు 2.2 గంటలు. అందరూ లోపలికి వెళ్లాలంటే రెండు గంటల పది నిమిషాలు పైనే పడుతుంది. అదీ మొదటి నిమిషం నుంచి ఒక్క సెకను కూడా ఖాళీ లేకుండా నడిస్తేనే. కానీ మ్యాచ్‌కి జనం అలా రారు, ఎక్కువమంది చివరి గంటలో వస్తారు. క్యూలోకి వచ్చే వేగం, క్యూలోంచి వెళ్లే వేగం కన్నా ఎక్కువైతే క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ప్రాసెస్‌ల గురించి ఇదే చెప్తారు. ప్రాసెస్ ఆగిపోతే కిల్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తాం. మనుషులతో ఆ సౌకర్యం లేదు.

రెండో లెక్క జనం సాంద్రతది. నిలబడి చూసే చోట 10 చదరపు మీటర్లకి 47 మందిని మించనివ్వకూడదని గ్రీన్ గైడ్ చెప్తుంది. అంటే ఒక చదరపు మీటరుకి ఐదుగురి లోపే. అది ఆరు, ఏడు దాటితే జనం మనుషుల్లా కాకుండా నీళ్లలా కదులుతారు. ఎక్కడో వెనక ఒక చిన్న తోపు, అల లాగా ముందుకొచ్చి కంచె దగ్గర ఆగుతుంది. అప్పుడు మీకెంత బలమున్నా, ఎంత మర్యాద ఉన్నా పనికిరాదు. ఛాతీ వ్యాకోచించడానికి చోటుండదు. ఊపిరి పీల్చుకోలేక మనిషి నిలబడే ప్రాణం పోగొట్టుకోవచ్చు.

మూడోది, పక్క పెన్‌లు ఖాళీగా ఉండడం. రెండు సర్వర్లు ఖాళీగా ఉండగా వచ్చిన రిక్వెస్టులన్నీ నిండిపోయిన సర్వర్‌కే పంపినట్టు. టన్నెల్ ముందు నలుగురు నిలబడి పక్కకి వెళ్లండి అని చేయి చూపించి ఉంటే చాలు.

6. కంచె ఎవరి కోసం?

ఇంత చిన్న పని ఎందుకు చేయలేదు? దీనికి జవాబు ఆ కంచెలోనే ఉంది. 1970, 80లలో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అభిమానులంటే రౌడీలు అన్న అభిప్రాయం బలపడింది. దానికి కారణాలు లేకపోలేదు. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో యూరోపియన్ కప్ ఫైనల్‌కి ముందు లివర్‌పూల్ అభిమానుల్లో కొందరు ఇటలీ జట్టు యువెంటస్ అభిమానుల మీదికి దూసుకెళ్లారు. వాళ్లు వెనక్కి జరుగుతూ గోడ దగ్గర చిక్కుకుపోయారు. 39 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకార్థం కూడా ఆన్‌ఫీల్డ్‌లో ఒక ఫలకం ఉంది. టూర్‌కి వెళ్తే దాన్ని కూడా వెతికి చూడండి. ఒక క్లబ్ తనవాళ్లు పోయిన దుఃఖంతో పాటు తనవాళ్ల వల్ల పోయినవాళ్లని కూడా గుర్తుపెట్టుకోవడం న్యాయం.

కానీ ఈ భయంతో స్టేడియంలు నడిపినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే అయిపోయింది: జనాన్ని గ్రౌండ్‌లోకి రాకుండా ఎలా ఆపాలి? జనం ప్రాణాలు ఎలా కాపాడాలి అన్న ప్రశ్న వెనక్కిపోయింది. హిల్స్‌బరోలో ఊపిరాడక కంచె ఎక్కుతున్నవాళ్లని చూసి, గొడవ చేయడానికి దూకుతున్నారని మొదట అనుకున్నారు. తర్వాత కూడా తాగొచ్చిన అభిమానులే గేటు బద్దలుకొట్టారని చెప్పారు. పత్రికలు రాశాయి. అది అబద్ధం, గేటు తెరిపించింది పోలీసులే.

జడ్జి లార్డ్ టేలర్ విచారణ చేసి, పోలీసులు జనాన్ని అదుపు చేయడంలో విఫలమవడమే ప్రధాన కారణమని 1989 ఆగస్టులోనే చెప్పారు. అయినా 1991లో కోర్టు విచారణలో ఇది ప్రమాదవశాత్తూ జరిగిన మరణాలని తేల్చారు. కుటుంబాలు ఒప్పుకోలేదు. 2012లో ఒక స్వతంత్ర కమిటీ పాత కాగితాలన్నీ బయటపెట్టాక ఆ తీర్పు రద్దయింది. 2016 ఏప్రిల్ 26న కొత్త జ్యూరీ, ఇవి చట్టవిరుద్ధమైన మరణాలని, అభిమానుల తప్పు ఏమీ లేదని చెప్పింది. 27 ఏళ్లు పట్టింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో కొందరు అప్పటికే లేరు.

7. కుర్చీలో కూర్చుని చూడండి

ఇప్పుడు మళ్లీ కోప్‌కి వద్దాం. 1990 జనవరిలో వచ్చిన టేలర్ చివరి రిపోర్టు పెద్ద స్టేడియంలన్నింటిలో నిలబడే చోట్లు తీసేసి సీట్లు పెట్టమంది. కంచెలు పోయాయి. కోప్‌లో అందరూ నిలబడి చూసిన చివరి మ్యాచ్ 1994 ఏప్రిల్ 30న, నార్విచ్ సిటీ మీద. లివర్‌పూల్ 0-1తో ఓడిపోయింది కూడా. టూర్‌లో మనం కూర్చునే ఆ ఎర్ర ప్లాస్టిక్ సీటు వెనకాల ఇంత కథ ఉంది.

సీట్లు వచ్చాక టికెట్ ధరలు కూడా పెరుగుతూ పోయాయి. చుట్టుపక్కల వీధుల్లోని మామూలు కుటుంబాలకి భారం అయ్యింది. 2016 ఫిబ్రవరిలో క్లబ్ కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లు చేస్తామంటే, మ్యాచ్ 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే క్లబ్ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది.

2021లో కోప్‌లో ఇంకో మార్పు వచ్చింది. చాలా సీట్ల ముందు నడుము ఎత్తున ఇనప రెయిలింగ్ పెట్టారు. ప్రతి వరసకీ ఒకటి ఉంటుంది కాబట్టి, ఎవరైనా లేచి నిలబడినా వెనక వరస ముందు వరస మీద పడదు. ఇంగ్లండ్‌లో కొన్ని స్టేడియంలలో ఇలాంటి సీట్ల దగ్గర నిలబడి చూడ్డానికి 2022 నుంచి మళ్లీ అనుమతి ఇస్తున్నారు. అంటే ముప్పై ఏళ్ల తర్వాత తేలింది ఏంటంటే, నిలబడడం సమస్య కాదు. ఎంతమంది, ఎంత చోటులో, ఏ దారిలో వస్తున్నారో ఎవరూ లెక్క చూడకపోవడం సమస్య.

8. తొక్కిసలాట అనొచ్చా?

స్మారకం దగ్గర నిలబడి ఉండగా మా బాబాయి అడిగాడు: "ఏరా, మనవాళ్లయితే దీన్ని తొక్కిసలాట అంటారు కదా, ఇక్కడ ఎక్కడా అలాంటి మాట లేదేంటి?" అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు ఇలా అనిపిస్తోంది.

తెలుగులో ఇలాంటి మాటలు ఒక వరస ఉన్నాయి. కొట్లాట, పోట్లాట, కుమ్ములాట, తోపులాట, తొక్కిసలాట. అన్నింటి చివరా ఆట ఉంది. అన్నీ జనం ఒకరితో ఒకరు పడి చేసుకునే పనులు. ఆ మాట వినగానే మన కళ్ల ముందు కనిపించేది పక్కవాడిని తొక్కుకుంటూ పరిగెత్తే గుంపు. హిల్స్‌బరోలో ఎవరూ పరిగెత్తలేదు. కదలడానికే చోటు లేదు. చనిపోయింది తొక్కడం వల్ల కాదు, ఊపిరాడక. తొక్కిసలాట అని రాయగానే కర్త జనం అయిపోతారు. గేటు, టన్నెల్, లెక్క చూడాల్సిన మనిషి, అన్నీ వాక్యంలోంచి మాయమైపోతాయి.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర, ఆర్‌సీబీ గెలుపు సంబరాలకి వచ్చినవాళ్లలో 11 మంది చనిపోయారు. 2022 సెప్టెంబరులో హైదరాబాద్ జింఖానా గ్రౌండ్స్ దగ్గర ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం వచ్చినవాళ్లు గాయపడ్డారు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో 16 మంది పోయారు. వాళ్ల గుర్తుగా అక్కడ ఇప్పటికీ ఆ రోజు రక్తదానం చేస్తారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా మన వార్తల్లో హెడ్డింగ్ ఒకటే, తొక్కిసలాట. తర్వాత అందరం అనే మాట కూడా ఒకటే: జనానికి బుద్ధి లేదు.

రెండో మాట ఇంకా విచిత్రం. సభకి, సినిమా ఫంక్షన్‌కి, జాతరకి బాగా జనం వస్తే ఇసకేస్తే రాలనంత జనం అని గొప్పగా చెప్పుకుంటాం. ఒకసారి ఆ మాటని లెక్కగా చూడండి. పైనుంచి ఇసక వేస్తే కింద పడడానికి కూడా ఖాళీ లేదంటే, అది చదరపు మీటరుకి ఏడెనిమిది మంది. గ్రీన్ గైడ్ ప్రకారం అప్పటికే చాలా ఆలస్యం అయిపోయింది. మన పెద్దవాళ్లు ఆ మాట పుట్టించినప్పుడు వర్ణన కోసం అన్నారు, అందులో తప్పు లేదు. కానీ దాన్ని వినగానే సంతోషంతో పాటు కొంచెం భయం కూడా కలగాలి.

తొక్కిసలాటకి బదులు ఏం రాయాలి? కొత్త మాట ఏదీ తయారు చేయక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు: రద్దీలో నలిగి చనిపోయారు, ఊపిరాడక చనిపోయారు, గేటు చాలక చనిపోయారు. ఇలా రాస్తే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది, గేటు ఎందుకు చాలలేదు అని.

9. మీరు వెళ్తే, వెళ్లకపోయినా

ఆన్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లకి: లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు. టూర్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, మ్యాచ్ రోజుల్లో మామూలు టూర్లు ఉండవు. స్మారకానికి టికెట్ అక్కర్లేదు, బయటే ఉంటుంది. 97 పేర్లూ నిదానంగా చదవండి.

ఏ స్టేడియంకి వెళ్లినా, ఉప్పల్ అయినా, విశాఖ అయినా, ఈ నాలుగూ చూడండి. ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయి? లోపలికొచ్చిన దారి మూసుకుపోతే ఇంకో దారి ఎటు? ముందు చోటు నిండిపోయిందని వెనకవాళ్లకి ఎవరు చెప్తారు? గుంపుని పక్కకి పంపే మనిషి ఉన్నాడా?

రద్దీలో చిక్కుకుంటే: మీ భుజాలకి అన్ని వైపులా మనుషులు తగులుతున్నారంటే అప్పుడే బయటపడే ప్రయత్నం చేయండి. చేతులు కిందికి వదలకుండా, బాక్సర్‌లాగా ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటు ఉంటుంది. తోపుకి ఎదురు తిరగొద్దు. తోపు ఆగినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. కింద పడిన వస్తువు కోసం వంగొద్దు, ఫోన్ అయినా సరే.

చివరగా ఒక హోంవర్క్. ఫెస్ట్‌లో సింగర్ వచ్చే రాత్రి మన ఆడిటోరియంకి ఎంతమంది వస్తారో మీకు తెలుసు. ఆ రోజు ఎన్ని గేట్లు తెరుస్తారో, ఎన్నింటికి తాళం ఉంటుందో లెక్కపెట్టండి. గేటుకి గంటకి 660 చొప్పున వేసి, అందరూ లోపలికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. వచ్చిన జవాబు ప్రోగ్రామ్ టైమ్ కన్నా ఎక్కువైతే, కమిటీలో ఉన్న సీనియర్లకి ఆ కాగితం చూపించండి. రెండో గేటు తాళం తీయడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.